మూడు అతుకులు

పోయిన వారం నేను జానయ్య ఇచ్చిన మెమరీ కార్డును కంప్యూటర్‌కు పెట్టి, హెడ్‌ఫోన్స్ చెవులకు తగిలించుకున్న దగ్గర ఆపాను. అంతకుముందు సంగతులు మరిచిపోయినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. ఆత్మకూర్ (ఎస్) ఊరి మంగయ్య గొర్లు కాచుకుంటూ పాటలు పాడే మనిషి. తన మొదటి సీడీ కోసం మా స్టూడియోలో పాడి వెళ్లిన పదిహేను రోజులకు మునగాల దగ్గర కాలువలో శవమై తేలాడు. తల వెనక దెబ్బ ఉంది. ఆయన అల్లుడు జితేందర్‌ను అనుమానం మీద స్టేషన్‌లో కూర్చోబెట్టి అప్పటికి నాలుగో రోజు. ఆధారం ఏమీ లేదు, సాయంత్రానికి వదిలేస్తారని అందరం అనుకుంటుండగా ఇసుక టిప్పర్ల జానయ్య ఒక ఆడియోతో మా మెట్లెక్కి వచ్చాడు. చనిపోయే ముందు మంగయ్య ఫోన్‌లో మాట్లాడి తనకు పంపాడట. ఐదింటికి ఎస్సైకి వినిపించాలట. "గుయ్యిమని చప్పుడొస్తుంది, జర సాఫ్ జేసియ్యి బిడ్డా," అన్నాడు.

ఈ వారమే ఈ కథ మొదటిసారి పట్టుకున్నవాళ్లు ఉంటే, నా పేరు సౌమ్య. సూర్యాపేట మార్కెట్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన మా అన్న సంపత్ పెట్టిన స్టూడియోలో రికార్డింగ్, ఎడిటింగ్ నా పని. అన్న కీబోర్డ్ వాయిస్తాడు, ట్యూన్లు కడతాడు, ఊర్లు పట్టుకుని తిరుగుతాడు. ఆ రోజు కూడా కోదాడలో చర్చి సభలున్నాయని పొద్దున్నే బండి తీశాడు. గోడలకు మా అమ్మ సువార్తమ్మ కుట్టిన బొంతలు వేలాడదీశాం. తలుపు మూస్తే కింద లారీ హారన్ కొట్టినా లోపలికి వినపడదు. లోపల మనిషి అరిచినా కిందికి వినపడదన్న సంగతి మాత్రం నాకు అంతవరకూ తట్టలేదు.

ప్లే నొక్కాను. గుయ్యిమనే చప్పుడు నిజంగానే ఉంది. దాని వెనక నుంచి మంగయ్య గొంతు వచ్చింది.

"జితేందర్ నన్ను సంపేటట్టున్నడు."

కొంచెం ఊపిరి. "నాకు భయమైతుంది." మళ్లీ ఊపిరి. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా." మళ్లీ ఊపిరి.

"ఇగ నేనుండ."

అంతే. మొత్తం పద్దెనిమిది సెకన్లు. నిజం చెప్పాలంటే మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మాను. చనిపోయిన మనిషి అంత దగ్గరగా చెవిలో మాట్లాడితే ఎవరికైనా గుండె జారుతుంది. మంగయ్య కూతురు ఉమారాణి మొహం కళ్ల ముందుకొచ్చింది. తండ్రి పోయాడు, తండ్రిని చంపినవాడు మొగుడయ్యాడు, ఆ పిల్ల ఇంకెట్లా బతుకుతుందని జితేందర్‌ను మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

తిట్టుకుంటూనే పని మొదలుపెట్టాను. చప్పుడు తీసేయడం పెద్ద విద్యేం కాదు. ఉత్త గుయ్యి మాత్రమే ఉన్న చోటు కొంచెం చూపించి, ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్యమంటే సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. ఒకసారి తీశాను, సగం పోయింది. రెండోసారి తీశాను. గొంతు తేటపడింది. ఆ గొంతు కింద, చాలా సన్నగా, ఇంకేదో వినపడింది.

టక్. టక్. టక్. టక్.

గడియారం అనుకున్నాను ముందు. మంగయ్య ఇంట్లో గోడ గడియారం ఉండొచ్చు గదా. కానీ గడియారం ఇంత తొందరగా కొట్టుకోదు. వాల్యూమ్ పెంచి మళ్లీ విన్నాను. ఆ టక్కును నేను ఎరుగుదును. దానితో వారం రోజులు కొట్లాడినదాన్ని నేనే.

పాడేవాళ్లకు తాళం తప్పకుండా ఉండాలని వాళ్ల హెడ్‌ఫోన్‌లో మేము ఒక టక్ టక్ వేస్తాం. దాన్ని క్లిక్ అంటాం. అది చెవిలో వినపడాలి, మైకులోకి రాకూడదు. మంగయ్యకు ఎడమ చెవి సరిగా వినపడదు కాబట్టి వాల్యూమ్ మొత్తం పెట్టాల్సొచ్చేది. అంత పెట్టినా పరవాలేదు, రెండు చెవులూ మూసుకుంటే. ఆయన మూసుకోడే. "రెండు చెవులు మూస్తె నా గొంతు నాకే పరాయిగుంటది బిడ్డా," అని ఒక వైపు డిప్పను చెంప మీదికి జార్చుకునేవాడు. ఆ డిప్పలోంచి టక్ టక్ తిన్నగా మైకులోకి పోయేది. ఆయన పాడిన ప్రతి టేకు కింద ఆ చప్పుడుంది. ఈ పెద్దమనిషి పాట నాకు పిచ్చెక్కించేట్టుందని ఆ వారమంతా అమ్మ దగ్గర మొత్తుకున్నాను.

మంగయ్య ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడితే ఆ టక్ ఎక్కడిది?

వెనక్కి చూడకుండా పని చేశాను. జానయ్య గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు, ఊదుకుంటున్న చప్పుడు నాకు తెలుస్తోంది. మంగయ్య పాట వేగం నిమిషానికి తొంభై రెండు టక్కులు. సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె వేస్తే తెర మీద నిలువు గీతలు పడతాయి, ఒక్కో టక్కుకు ఒక్కో గీత. మొదటి మాట కింద టక్కులు గీతల మీద అచ్చంగా కూర్చున్నాయి. రెండో మాట దగ్గర పక్కకు జరిగాయి. మూడో మాట దగ్గర మళ్లీ జరిగాయి, నాలుగో దగ్గర ఇంకోసారి. గళ్ల చొక్కా కుట్టేటప్పుడు దర్జీ గళ్లు కలపకపోతే కుట్టు దగ్గర ఎట్లా బయటపడుతుందో అట్లా బయటపడింది. నాలుగు మాటలు, మూడు అతుకులు.

అప్పుడు నాకు ఆ మాటలన్నీ గుర్తొచ్చాయి. ఎట్లా గుర్తురావు, అన్నీ నాతో అన్నవే. పాట బాగా రావాలని జితేందర్ మామను మళ్లీ మళ్లీ పాడమని సతాయించేవాడు. "జితేందర్ నన్ను సంపేటట్టున్నడు బిడ్డా, ఇంకోపారి ఇంకోపారి అనుకుంట," అని మంగయ్య నాకు ఫిర్యాదు చేశాడు. మైకు గది తలుపు మూస్తుంటే "పూరా మూయకు, నాకు భయమైతుంది," అన్నాడు. ఒక చరణం మరిచిపోయి నాలుక కరుచుకుని "ఎవ్వరికి చెప్పకు బిడ్డా," అన్నాడు. ఎండ దిగుతుంటే గొర్లు యాదికొచ్చి "ఇగ నేనుండ, పోత," అని చెప్పులేసుకున్నాడు. ఇంటికి పోతానన్న మాటను కోసి, చచ్చిపోతానన్న మాట చేశారు.

ఏ దరిద్రుడు చేశాడీ పని అని పళ్లు కొరుక్కుంటూ అతుకుల దగ్గర పెద్దది చేసి చూశాను. అతుకు అతుకుకు మధ్య ఉన్న ఊపిరి ఒకటే. ఒకే ఊపిరిని మూడు చోట్ల అంటించారు. ఆ అలవాటు ఎవరిదో నాకు తెలుసు. రెండు ముక్కలు కలిపేటప్పుడు నేను మధ్యలో ఏమీ పెట్టను, సన్నగా ఒకదాని మీద ఒకటి జరుపుతాను. మా అన్న మాత్రం పాడేవాళ్ల ఊపిరి ఒకటి పక్కన దాచిపెట్టుకుని, కోసిన ప్రతి చోటా దాన్నే అంటిస్తాడు. వింటే నకిలీ అని తెలిసిపోతుంది, మానుకో అన్నా అని వందసార్లు చెప్పి ఉంటాను. కీబోర్డ్ వాయించే చేతికి ఎడిటింగ్ రాదని ఎగతాళి కూడా చేసేదాన్ని.

మంగయ్య అసలు ఫైల్ తెరిచాను. పాటలున్న టేకులన్నీ ఉన్నాయి. పాటల మధ్య మాటలున్న ట్రాకు మాత్రం ఖాళీ గీతలా పడి ఉంది, ఫైల్ దొరకలేదని దాని మీద సాఫ్ట్‌వేర్ ఒక ముక్క రాసింది. చెత్తబుట్టలోనూ లేదు. తుడిచినవాడు శుభ్రంగా తుడిచాడు.

నాకు నోరెక్కువ. కాలేజీలో లెక్చరర్‌తో, బస్సులో కండక్టర్‌తో, చర్చిలో పాస్టరమ్మతో గొడవ పెట్టుకున్న నోరు ఇది. ఆ రోజు దాన్ని మూసుకుని, సాయంత్రం రా అన్నా అని జానయ్యను పంపించేసి ఉంటే ఎంత బాగుండేది. హెడ్‌ఫోన్స్ తీసి కుర్చీ తిప్పాను.

"అన్నా, మంగయ్య ఇది ఫోన్ల మాట్లాడలే. గీ రూంల, గా మైకు ముంగట మాట్లాడిండు. నాలుగు మాటలు నాలుగు జాగలకెల్లి కోసి మూడు అతుకులేసిన్రు. మేమేసే టక్కు కింద ఇనొస్తుంది," అన్నాను.

జానయ్య గ్లాసు కింద పెట్టాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె. మండలంలో ఇసుక టిప్పర్లన్నీ ఆయనవే. వాగులో ఆ టిప్పర్లు తిరగకుండా మంగయ్య తన గొర్ల మందను దారికి అడ్డం పండబెట్టిన సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"చెవులు మంచిగున్నయ్ బిడ్డా నీయి," అన్నాడు.

"ఇది దొంగది. నేను సాఫ్ చెయ్య."

"గా చప్పుడు ఎందుకు పెట్టిండో గిప్పుడు సమజైంది నాకు," అన్నాడు, నా మాట విననట్టే. "మాటలు ఇనొస్తలేవు, సాఫ్ జేపిచ్చుకరా అన్నడు ఎస్సై. మీ అన్ననడిగితె అట్లనే ఉండనియ్యమన్నడు. ఎందుకురా అంటె చెప్పకపాయె. గందుకే ఆయన లేని దినం సూసి నీ దగ్గరికొచ్చిన. తప్పయింది."

మా అన్న పేరు ఆయన నోట వినేదాకా, ఆ ఊపిరి ఇంకెవరిదో పని అయి ఉండొచ్చని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఇక ఆ ఆశ కూడా పోయింది.

"మా అన్నను ఎందుకు ఇరికిచ్చినవ్?"

"నేను ఇరికియ్యలే. ఇరుక్కున్నోణ్ని పట్టుకొచ్చుకున్న. ఎందుకో ఆయన్నే అడుగు. నేను చెప్తె బాగుండది."

"జితేందర్ ఏం పాపం జేసిండు నీకు?"

"ఏం జెయ్యలే," అన్నాడు జానయ్య. ఎంత మామూలుగా అన్నాడంటే, ధర అడిగితే చెప్పినట్టు. "మంచి పిల్లగాడు. మిర్యాలగూడకెల్లి ఇల్లరికం వచ్చిండు. ఊర్ల ఆయన దిక్కు మాట్లాడేటోళ్లు ఎవరు లేరు. గంతే."

నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, దాచుకోవడమెందుకు. అయినా చెయ్యి మెల్లగా వెనక్కి పెట్టి కీబోర్డు మీద రికార్డు బటన్ నొక్కాను. మైకు గది తలుపు తెరిచే ఉంది, గొంతు అందుతుంది.

"అయితే మంగయ్యను సంపింది ఎవరన్నా? నువ్వేనా?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మధ్యాహ్నం కోత. ఫ్యాను ఆగింది, ఏసీ ఆగింది, యూపీఎస్ కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది, దాని మూల మీద రికార్డు ఎర్ర చుక్క. జానయ్య దాన్నే చూస్తున్నాడు.

"గది బందు జెయ్యి," అన్నాడు.

బందు చేశాను. ఆయన లేచి వచ్చి, వంగి, మైకు తీగను గోడలోంచి పీకి చేతికి చుట్టుకున్నాడు. మా నాన్న సత్యానందం మాస్టారు పెన్షన్ డబ్బుల్లోంచి కొనిచ్చిన మైకు అది. దాని తీగ ఆయన చేతికి అట్లా చుట్టుకుని ఉంటే చూడలేకపోయాను.

"ఇను బిడ్డా. ఐదింటిదాక టైముంది. నీకు రెండు దార్లున్నయ్. మూడు అతుకులన్నవ్ గద, గవి కనపడకుండ చెయ్యి, గా టక్కు ఇనపడకుండ చెయ్యి. మీ అన్న కంటె నీ పని సాఫుంటదని అందరంటరు. లేదంటవా, పో, ఎస్సై దగ్గరికి పోయి నాకు చెప్పినయన్ని చెప్పు. జితేందర్ బయటికొస్తడు. మరి కోసింది ఎవరమ్మా అని అడుగుతరు. చెప్పాలె గద నువ్వు. గప్పుడు గా కుర్సీల మీ అన్న కూసుంటడు."

ఉమారాణి మొగుడా, మా అన్నా. తూకం వేసి చూడమని నా చేతిలో పెట్టాడు ఆ మనిషి. యూపీఎస్ కీచుకీచుమంటూనే ఉంది.

నా ఫోన్ మోగింది.

బల్ల మీదే ఉంది. తెర మీద ఉమారాణి పేరును నా కంటే ముందు జానయ్యే చదివాడు. "స్పీకర్ల పెట్టి మాట్లాడు. మామూలుగ మాట్లాడు," అన్నాడు.

"అక్కా, పనిల ఉన్నవా?" ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "అమ్మ స్టేషన్‌కు సద్ది పట్టుకపోయింది. ఒక్కదాన్నే ఉన్న ఇంట్ల. పొద్దుగాల నాయిన గొంతు ఇనబుద్ధయి నువ్విచ్చిన సీడీ పెట్టుకున్న."

ఆ సీడీ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. మంగయ్య దినాలైన మర్నాడు ఉమారాణి వచ్చి, పాటలు వద్దక్కా, నాయిన మాటలు కావాలె అని అడిగితే, కోయని టేకులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒక సీడీకి ఎక్కించి ఇచ్చాను.

"'జితేందర్ నన్ను సంపేటట్టున్నడు బిడ్డా, ఇంకోపారి ఇంకోపారి అనుకుంట' అని నాయిన నవ్వుతుండక్కా. ఎనకనుంచి మా ఆయన గూడ నవ్వుతుండు. ఎంత మంచిగుండిరి ఇద్దరు. గిది సార్లకు ఇనిపిస్తె జర నమ్ముతరేమో. ఇనిపియ్యమంటవా?"

జానయ్య నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"ఉమా, నేను బిడ్డా, జానయ్య మామను. సౌమ్య కాడనే ఉన్న, మీ ఆయన పని మీదనే వచ్చిన. మంచి సాక్ష్యం పట్టుకున్నవ్. గా సీడీ ఎవ్వరికియ్యకు. నేనే వస్తున్న, తీస్కపోయి ఎస్సై చేతుల పెడత."

"నువ్వే రా మామా," అంది ఆ పిచ్చిపిల్ల. గొంతులో ప్రాణం లేచొచ్చినట్టుంది. "తలుపు తీసే ఉంటది."

నేను అక్కడే ఉన్నాను. అడుగు దూరంలో ఫోన్ ఉంది. ఇయ్యకు ఉమా అని ఒక్క మాట అరిస్తే చాలు, దానికి వినపడేది. అరవలేదు. మా అన్న చిన్నప్పుడు తన జ్వరం తగ్గకముందే లేచి నన్ను సైకిల్ మీద పరీక్షకు తీసుకుపోయినవాడు. వాడు స్టేషన్ కుర్చీలో కూర్చున్నట్టు కనపడి నా నాలుక కదల్లేదు. నన్ను మీరేమన్నా అనండి, ఆ అర నిమిషం నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

జానయ్య ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. మైకు తీగను విప్పి మడిచి దాని పక్కనే పెట్టాడు. "నీ పని నువ్వు జేసుకో," అని తలుపు తీసుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద ఆయన కిర్రుచెప్పులు చప్పుడు చేస్తున్నాయి. కింద ఆయన జీపుంది. సూర్యాపేట నుంచి ఆత్మకూరుకు ఎంత మెల్లగా పోయినా అరగంట పట్టదు.

ఫోన్ ఎత్తి చూశాను. లైన్ ఇంకా ఉంది. ఆయన కట్ చెయ్యడం మరిచిపోయాడు.

అప్పుడు ఆలోచించలేదు. ఆలోచిస్తే మళ్లీ అన్న గుర్తొస్తాడు, మళ్లీ నోరు పడిపోతుంది. నేను చెప్పబోయే మాటతో మా అన్నను నా చేతులతోనే అప్పజెప్పినట్టవుతుందని తెలుసు. తెలిసే చెప్పాను.

"ఉమా, తలుపేసుకో. గడియ పెట్టుకో."

అటు నుంచి పలుకు లేదు. దూరంగా గొర్రెపిల్ల అరుస్తోంది. ఏదో బండి స్టార్టయి వెళ్లిపోయిన చప్పుడయింది. ఉమా, ఉమా అని పిలుస్తూనే ఉన్నాను. కాసేపటికి మనిషి అలికిడయింది.

"ఏమన్నవక్కా? బయటికి పోయిన, ఇనపడలే."

"తలుపేసుకో అంటున్న. జానయ్యను లోపటికి రానియ్యకు. గా సీడీ ఎవరికియ్యకు, ఎవరడిగినా ఇయ్యకు. నేను గిప్పుడే బయలెల్లి వస్తున్న. గదొక్కటే ఉంది ఉమా మీ ఆయనను బయట పడేసేది, నా దగ్గర గూడ లేదు. ఇంటున్నవా?"

"ఇచ్చిన గదక్కా," అంది.

"ఎవరికి? జానయ్య గిప్పుడే గద గీడికెల్లి బయలెల్లింది."

"సంపతన్నకు. గిప్పుడే వచ్చి తీస్కపోయిండు. నువ్వే పంపినవన్నడు."